‘నీకెలా తెలుసు?’ - ఒక డిటెక్టివ్ నవల నేర్పే పాఠం



“గ్రామర్ బాగానే చేస్తాడు మేడమ్, అన్‌సీన్ ప్యాసేజ్ దగ్గరే మార్కులు పోతున్నాయి.” పేరెంట్స్ మీటింగుల్లో మాకు తరచుగా వినిపించే మాట ఇది. ప్యాసేజ్‌లో సూటిగా కనిపించే జవాబును పిల్లలు ఇట్టే పట్టేస్తారు. రాసిన దాన్నిబట్టి రాయనిది చెప్పమంటేనే తడబడతారు. ఇంగ్లిష్ పాఠంలో దీన్నే ‘ఇన్ఫరెన్స్’ అంటాం. గైడు బట్టీ పడితే ఇది రాదు. దీనికి మంచి సాధన డిటెక్టివ్ నవల.

“చదువుకునే పిల్లలకు హత్యల కథలా?” అని కంగారు పడకండి. ఇంట్లో తాతయ్యలనో నానమ్మలనో అడిగి చూడండి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చుకుని ఒక్క రాత్రిలో ముగించిన తరం వాళ్లది.

ఈ నెల పుస్తకం

8, 9 తరగతుల పిల్లలకు ఈ నెల సూచిస్తున్నది 1950లో వెలువడిన అగాథా క్రిస్టీ నవల ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’. చిప్పింగ్ క్లెగ్‌హార్న్ అనే ఊహా గ్రామం. ఒక శుక్రవారం ఉదయం స్థానిక పత్రికలో ప్రకటన వస్తుంది: అక్టోబర్ 29 సాయంత్రం ఆరున్నరకు ఫలానా ఇంట్లో హత్య జరుగుతుంది, మిత్రులందరూ రావచ్చు! ఇదేదో ఆట కాబోలనుకుని ఇరుగుపొరుగువారు ఏదో ఒక సాకుతో ఆ ఇంటికి చేరతారు. సరిగ్గా ఆరున్నరకు లైట్లు ఆరిపోతాయి, తలుపు తెరుచుకుంటుంది, టార్చి వెలుగు కళ్లల్లో పడుతుంది, తుపాకీ పేలుతుంది. దీపం వెలిగేసరికి టార్చితో వచ్చిన మనిషే చచ్చిపడి ఉంటాడు.

యుద్ధం అయిపోయినా...

కథా కాలాన్ని పిల్లలకు ముందే చెప్పండి. రెండో ప్రపంచయుద్ధం 1945లో ముగిసింది. కానీ 1940లో మొదలైన రేషన్ బ్రిటన్‌లో 1954 దాకా సాగింది. అందుకే ఆ ఊరివాళ్లు ఒకరి ఇంట్లో మిగిలిన సరుకు మరొకరికి గుట్టుగా ఇచ్చిపుచ్చుకుంటారు. పోలీసులు అడిగితే చెప్పడానికి జంకుతారు. అబద్ధమాడే ప్రతివాడూ హంతకుడు కాదన్నది పిల్లలకు ఇక్కడ దొరికే మొదటి పాఠం.

యూరప్‌లో తనవాళ్లను పోగొట్టుకుని వచ్చిన వంటమనిషి మిట్జీ మాటలను ఎవరూ నమ్మరు. అతి చేస్తుందని నవ్వుతారు. ఆమె మాటల్లో నిజమెంత అని చదువుతూనే మీ పిల్లలను అడగండి.

అన్నిటికంటే పెద్ద విషయం మిస్ మార్పుల్ అనే వృద్ధురాలు గమనిస్తుంది. యుద్ధానికి ముందు పల్లెలో ఎవరు ఎవరో అందరికీ తెలుసు. ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడినవాళ్లు తమ గురించి ఏం చెప్పుకుంటే అదే నిజం. మన ఆళ్లగడ్డలో కొత్తమనిషి కనిపిస్తే “మీదే ఊరు? ఎవరి తాలూకు?” అని అడుగుతాం కదా! ఆ ప్రశ్నకు సాక్ష్యం చెప్పేవాళ్లే లేని ఊరిని ఊహించుకోండి. “పోలీసులం, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం” అనే ఫోన్ మోసాలు నడిచేది కూడా ఇలాగే. యూనిఫాం, పేరు, గట్టి గొంతు చూసి మనం నమ్మేస్తాం.

ఇంట్లో చేయాల్సిన పాఠం

మూడో అధ్యాయంలో కాల్పులు జరుగుతాయి. ఏడో అధ్యాయంలో ఇన్‌స్పెక్టర్ క్రాడాక్ అక్కడున్నవాళ్లను ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తాడు. అది చదివాక ఒక రాత్రి లైట్లన్నీ ఆపండి. కరెంటు పోతే మరీ మంచిది. ఒకరు గుమ్మంలో నిలబడి మిగతావారి ముఖాల మీద టార్చి వేయాలి. తర్వాత అడగండి: “టార్చి పట్టుకున్నవాళ్ల రెండో చేతిలో ఏముంది?” పిల్లలు ఏదో ఒకటి చెబుతారు. అప్పుడు “నీకెలా తెలుసు?” అనండి. చూసింది వేరు, చూశాననుకున్నది వేరు అని వాళ్లకే తడుతుంది.

నోట్‌బుక్‌లో ప్రతి పాత్రకూ నాలుగు గడులు గీయించండి: ఎవరు చెప్పారు? ఎక్కడ ఉండి చూశారు? కళ్లారా చూసిందెంత, ఊహించిందెంత? ఇలా చెబితే వాళ్లకేమి లాభం? స్పెల్లింగులను కూడా జాగ్రత్తగా చూడమనండి. ఒక్క అక్షరం తేడా కూడా ఈ నవలలో ఆధారమే. అంతకు మించి చెబితే మీరు నన్ను క్షమించరు!

మన ఊరి కథకు ఇవే ప్రశ్నలు

నవల అయ్యాక అవే నాలుగు గడులను మన జిల్లా చరిత్రకు వాడండి. 1846లో కోయిలకుంట్ల ట్రెజరీ మీద దాడి జరిగింది. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ ప్రభుత్వం అదే కోయిలకుంట్లలో ఉరితీసింది. కంపెనీకి ఆయన తిరుగుబాటుదారు, నేరస్థుడు. మన జానపదుల పాటల్లో వీరుడు. 2019లో వచ్చిన సినిమా చెప్పింది ఇంకో రకం. ఏది ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెప్పారో పిల్లలను రాయమనండి.

యుద్ధం మనకు దూరపు విషయమని కూడా అనుకోనివ్వకండి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ ఏడాదే బర్మా నుంచి ఎందరో తెలుగువాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని కాలినడకన బయల్దేరారు. మీ ఇంట్లో, మీ వీధిలో ఆ కాలం సంగతులు విన్న పెద్దలుంటే పిల్లలను వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. అడిగేవాళ్లు లేక చాలా సంగతులు పెద్దవాళ్లతోనే పోతున్నాయి.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. అర్థం తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ తీయించకండి, కథ సాగనివ్వండి. హంతకుడెవరో తప్పుగా ఊహించినా ఫర్వాలేదు, ఆ ఊహకు ఆధారం చూపిస్తే చాలు. నోట్‌బుక్కును నెలాఖరున క్లాసుకు పంపించండి. చివరి పేజీ ముందే చూసేస్తారేమో, అదొక్కటీ కాస్త కనిపెట్టి ఉండండి!