వసంతకేళి

వేసవి సాయంకాలము. గాజువాకలోని ఒక వీధిని ఊహింపుడు. 1971లో ఇచట ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిదప నానాప్రాంతములవారు ఈ ఊరు చేరిరి. కావున ఒక యింట తెలుగు, ఒక యింట ఒడియా, మఱియొక యింట హిందీ వినబడును. ఆనాటి ఉదయము కొళాయివద్ద బిందెల వంతుకై ఇద్దఱు తల్లులు మాట మాట పెంచుకొనిరి. పగలంతయు ఇరువురి తలుపులును మూసియే యున్నవి.

సముద్రము చేరువనున్నను గాలిలో తేమ అధికమగుటచే చెమట త్వరగా ఆఱదు. ఉక్కకు తాళలేక ఒక బాలుడు చెంబెడు నీరు తెచ్చి అన్నపై చల్లెను. అన్న బకెట్టుతో బదులు తీర్చుకొనెను. ఎదురింటి పిల్లలు పరుగున వచ్చి కలిసిరి. కేకలు విని మందలింపవచ్చిన తల్లులిరువురును నిలువెల్ల తడిసిపోయిరి. ఒకరినొకరు చూచుకొని పకపక నవ్విరి. నీటికై పుట్టిన కలహము నీటిలోనే కొట్టుకొనిపోయినది!

బాలబాలికలారా! ఈ యాట నేటిది కాదు. మన పెద్దలు దీనిని వసంతమాడుట యనిరి. పసుపునీటిలో సున్నము కలిపినచో నీరు ఎఱ్ఱబడును. ఆ యెఱ్ఱనీటికే వసంతమని పేరు. దానిని చిమ్మనగ్రోవులతో ఒకరిపై నొకరు చిమ్ముకొనెడివారు. పెండ్లిండ్లలో వియ్యాలవారును వసంతములాడెడివారు. 14వ శతాబ్ది చివర కొండవీటిని పాలించిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవములను మిక్కిలి వైభవముగా జరిపి, వసంతరాయడని ప్రసిద్ధి గాంచెను. తిరుమలలో నేటికిని చైత్రమాసమున మూడు దినములు వసంతోత్సవము జరిగి, పూర్ణిమనాడు ముగియును.

బంగాళాఖాతమునకు ఆవలనున్న బర్మాలోను ఇట్టి పండుగ కలదు. ఆ దేశమును నేడు మయన్మారు అందురు. ఏప్రిల్ నడుమ, క్రొత్త సంవత్సరమునకు ముందు, అచటివారు 'తింజాన్' పేర వీధులలో నీరు చల్లుకొందురు. గడచిన యేటి మాలిన్యము ఆ నీటితో తొలగిపోవునని వారి నమ్మిక. పూర్వము విశాఖ ప్రాంతమునుండి ఎందఱో తెలుగువారు బ్రతుకుతెరువుకై ఓడలెక్కి రంగూను చేరిరి. తిరిగివచ్చినవారి పేర విశాఖపట్టణములో బర్మాక్యాంపు అను పేట నేటికిని ఉన్నది. సముద్రమునకు ఈ యొడ్డుననైనను, ఆ యొడ్డుననైనను నీటియాట సారమొక్కటే: తడిసినవారిలో ధనికుడు, పేద, స్వజనుడు, పరుడు అను భేదము కనబడదు.

అయినను ఒక్కమాట మఱవరాదు. ఉక్కు కర్మాగారమునకును, విశాఖ నగరమునకును వచ్చు నీటిలో కొంత ఏలేరు జలాశయమునుండి సుమారు 150 కిలోమీటర్ల కాలువవెంట పయనించి రావలెను. అంత దూరము నడచివచ్చిన నీటిని గొట్టముపెట్టి గంటలకొలది పాఱబోసినచో, మఱునాడు ఎవరి యింటనో బిందె వట్టిపోవును. అపుడు కొళాయివద్ద నిన్నటి కలహమే మరల పుట్టును. కలహమును కడిగిన ఆటయే కలహమునకు కారణము కారాదు గదా!

కావున ఆటకు హద్దు ఉండవలెను. ఆ సాయంకాలపు స్నానమునకు ఉంచుకొన్న బకెట్టుతోనే ఆడుడు. కొబ్బరిచెట్టు మొదటనో, మల్లెపాదు చెంతనో నిలిచి ఆడినచో జారిన నీరు వేరులకు చేరును. సున్నము కన్నులకు హాని చేయును. వట్టి నీరే మేలు. వలదన్నవారిపైనను, వృద్ధులపైనను, త్రోవన పోవువారిపైనను చల్లరాదు. ఇష్టములేనివానికి అది ఆట కాదు, బాధ.

ఆ వీధిలో ఆట ముగిసినది. ఒక తల్లి తువ్వాలు తెచ్చి ఎదురింటి పిల్లవాని తల తుడిచెను. రెండవ తల్లి, "వదినా, రేపు ముందుగా నీ బిందె పెట్టుకో" అనెను. బకెట్లు ఖాళీయైనవి, మనసులు నిండినవి.