పిట్ట కొంచెం - కూత ఘనం
(హాస్టల్ నెట్‌వర్క్‌కు చిన్న పెట్టెను ఎంచుకోవడం ఎలా?)



స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి రోజున శబరి మీదుగా గాలివాన వచ్చి కరెంటు పోయింది. ఇంటర్నెట్‌ను పంచడానికి మేము వాడుతున్న పాత కంప్యూటర్, యూపీఎస్ మీద గంటసేపు కూడా నిలవలేదు. ఆ రోజు మాకు తెలిసింది: ఈ పనికి కావలసింది పెద్ద కంప్యూటర్ కాదు, తక్కువ కరెంటుతో నడిచే చిన్న పెట్టె.

దాన్ని ఎంచుకునేటప్పుడు మేము నాలుగు విషయాలు చూశాము.

1. పోర్టులు: బయటి లైనుకు ఒకటి, చదువుల గదికి ఒకటి, ఆఫీసుకు ఒకటి, వైఫైకి ఒకటి, మొత్తం నాలుగు. ఆఫీసు లైను వేరుగా ఉంటే అక్కడి రికార్డుల జోలికి ఎవరూ పోకుండా నియమం పెట్టవచ్చు. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 చవకైనదే కాని, దానికి నెట్‌వర్క్ పోర్టు ఒక్కటే. రెండోదాన్ని యూఎస్‌బీ ద్వారా తగిలించాలి. అది కదిలితే లైను పోతుంది.

2. కరెంటు: 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 12 × 7 = 84 వాట్-అవర్లు. 60 వాట్ల కంప్యూటర్ లెక్క ప్రకారం గంటా ఇరవై నాలుగు నిమిషాలు నడవాలి. 10 వాట్ల పెట్టె 8 గంటలకు పైగా నడవాలి. నష్టాలు పోను రెండూ ఇంతకంటే తక్కువే నడుస్తాయి.

3. వేడి, దుమ్ము: ఫ్యాన్ ఉంటే దుమ్మును లోపలికి లాగుతుంది. లోహపు డబ్బాయే వేడిని బయటకు పంపే, ఫ్యాన్ లేని రకం మేలు. దాన్ని గాలి ఆడేచోట, గోడకు ఎత్తులో బిగించాలి. 2022 జూలై వరదను చూసిన మనకు ఎత్తు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

4. ఆయుష్షు: స్విట్జర్లాండ్‌కు చెందిన పీసీ ఇంజిన్స్ వారి మూడు పోర్టుల ఏపీయూ2 బోర్డు ఎంతో పేరు పొందింది. కాని 2023లో ఆ సంస్థ ఉత్పత్తి నిలిపివేతను ప్రకటించింది. కాబట్టి ఏ పెట్టె కొన్నా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దానిపై నడుస్తుందో లేదో ముందే చూడాలి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌తో నాలుగు పోర్టుల పెట్టెలు దొరుకుతున్నాయి. ఆ ప్రాసెసర్‌కు ఇంటెల్ చెప్పిన లెక్క 6 వాట్లే. పెట్టె మొత్తానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఒక్క మాట మరువకండి. ఫైబర్ లైను డబ్బాకు, వైఫైకి కూడా బ్యాటరీ ఉండాలి. అవి ఆగితే మన పెట్టె నడిచినా ప్రయోజనం లేదు.

కొనేముందు కాగితం మీద లెక్క వేయండి. ఆ చిన్న లెక్కే రేపు మన తమ్ముళ్ల దరఖాస్తులను కాపాడుతుంది.