చిత్రరచన సాఫ్టువేరు: కొనుగోలు, చందా, కౌలు

చందా యను మాట మన విద్యార్థులకు క్రొత్తది కాదు. మాసపత్రికకు చందా కట్టుదుము. సంవత్సరము పొడుగున సంచికలు వచ్చును. మరుసటి యేడు కట్టని యెడల క్రొత్త సంచికలు రావు గాని పాతవి మన పెట్టెలోనే యుండును. చందా ముగిసినదని తపాలా బంట్రోతు వచ్చి వెనుకటి సంచికలను పట్టుకొని పోయిన వార్త ఎవరును విని యుండరు. కాని కంప్యూటరు పరికరముల విషయమున ఈ మాటకు నేడు వేరొక యర్థము కలిగినది. అక్కడ చందా నిలిచిన నాడు పరికరమే నిలిచిపోవును. ఈ వ్యాసమున మేము 2013లో కలిగిన యొక మార్పును, దానికి కొనుగోలుదారులు చెప్పిన బదులును, అది మన బెజవాడ, పటమట ప్రాంతపు అక్షరపు పనివారిని తాకిన తీరును తెలుప బూనితిమి.

అడోబీ యను కంపెనీని అమెరికాలో 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ యను నిరువురు స్థాపించిరి. ఛాయాచిత్రములను సవరించు ఫోటోషాపు 1990లోను, పుటలను కూర్చు ఇన్‌డిజైను 1999లోను వెలువడెను. బెంజి సర్కిలు మొదలు ఆటోనగరు వరకు నడచి పోవువానికి కంటబడు ఫ్లెక్సీలు, పెండ్లి శుభలేఖలు, ఫోటో ఆల్బములు ఇట్టి పరికరముల వలన పుట్టునవే. 2003 నుండి ఈ పరికరములను క్రియేటివ్ సూట్ అను పేర నొక కట్టగా అమ్ముచు వచ్చిరి. ఒకసారి వెల చెల్లించినవాడు ఆ కూర్పును తన కంప్యూటరు సాగినంత కాలము వాడుకొనవచ్చును. చట్టప్రకారము అదియు అనుమతియే గాని పూర్ణస్వామ్యము గాదు. అయినను ఆ యనుమతికి గడువు లేదు. 2012లో వచ్చిన ఆరవ కూర్పు అట్టివానిలో కడపటిది. 2013 మే 6వ తేదీన లాస్ ఏంజెలెసులో జరిగిన సభలో, ఇకమీదట క్రొత్త కూర్పులు క్రియేటివ్ క్లౌడ్ అను పేర చందాదారులకే లభించునని కంపెనీవారు ప్రకటించిరి.

ఇందులోని లెక్కను విద్యార్థులు పలకపై వేసి చూచుకొనవలెను. అమెరికాలో ఫోటోషాపు ఆరవ కూర్పు వెల 699 డాలర్లు. ఆ యొక్క పరికరమునకే 2013లో నెలసరి చందా 19.99 డాలర్లు. భాగించి చూచిన, మొదటి వెలకు చందా సరితూగుటకు సుమారు 35 నెలలు పట్టును. ఇంతవరకు చందాయే చవుక వలె దోచును. కాని పాత కొనుగోలుదారుని లెక్క వేరు. అతని చేతిలో 2010లో వచ్చిన అయిదవ కూర్పు కలదనుకొందము. 2012లో అతడు 199 డాలర్లు మాత్రము చెల్లించి ఆరవ కూర్పునకు మారగలిగెను. అనగా రెండేండ్లకు 199. చందా పద్ధతిలో అవే యిరువదినాలుగు నెలలకు 479 డాలర్ల 76 సెంట్లు. ఇక పాత కూర్పే చాలునని ఊరకుండువానికి ఖర్చు సున్న. చందాలో అట్టి సున్న లేదు. పని లేని ఆషాఢ మాసమునను, పనివాడు జ్వరముతో పడియున్న నెలలోను సొమ్ము కట్టవలసినదే. ప్రతి కూర్పును తప్పక కొను పెద్ద కంపెనీలు అంతగా మొర పెట్టకపోవుటకును, ఒంటరిగా పని చేసికొను చిత్రకారులును ఫోటోగ్రాఫరులును గగ్గోలు చేయుటకును కారణము ఈ లెక్కయందే యున్నదని మా యభిప్రాయము.

ఆ గగ్గోలు చిన్నది కాదు. కొలది వారములలోనే ముప్పది వేలకు పైగా జనులు ఒక విన్నపమునకు సంతకములు చేసిరి. వారి మాటలలో వెల యొక్కటే గాక మరియొక బాధ వినబడెను. ఒక చిత్రకారుడు పదునైదేండ్లు చేసిన పని యంతయు ఫోటోషాపు ఫైళ్లలో నున్నది. చందా మానిన నాడు ఆ ఫైళ్లు అతని కంప్యూటరులోనే యుండును గాని, వానిని పూర్తిగా తెరచి పొరపొరగా దిద్దుటకు సాధనము ఉండదు. బీరువా తనదే, లోపలి సొత్తు తనదే, తాళపుచెవి మాత్రము నెలజీతమునకు వచ్చును.

మన కృష్ణా డెల్టా రైతులకు ఇది వివరింప నక్కర లేదు. సొంత చేనికిని కౌలు చేనికిని గల భేదమును వారి పిల్లలు సైత మెరుగుదురు. కౌలు చేనిలో వరి వేయుదురు, మినుము చల్లుదురు. మామిడి మొక్క నాటువాడు లేడు. ఏలయన, అది కాపునకు వచ్చునాటికి చేను ఎవరి చేత నుండునో! ఈ చిత్రకారులు సొంత చేను అనుకొని మామిళ్లు నాటిరి. తోట పెరిగిన పిమ్మట, ఇకమీద ఇది కౌలు అని వారికి చెప్పబడెను. కోపమునకు మూలమిదియే. మొదటినుండియు కౌలని చెప్పియున్నచో, కావలసినవారు వరి వేసికొందురు, తక్కినవారు వేరొక చేను చూచుకొందురు.

అయితే కౌలును నిందించుట మా తలపు గాదు. భూమి కొనజాలనివాడు సేద్యము చేయగలుగుట కౌలు వలననే గదా. 2013 నాటి మారకపు వెలను బట్టి 699 డాలర్లనగా సుమారు 38,000 రూపాయలు. పటమటలో చిన్న గదిలో స్టూడియో పెట్టదలచిన యువకునికి అంత సొమ్ము ఒక్కసారిగా పుట్టదు. నెలకు పదునొకండు వందలు పుట్టవచ్చును. మరియు లోపములు దిద్దిన క్రొత్త భాగములు చందాదారునికి ఎప్పటికప్పుడు చేరును. ఈ వాదమును కంపెనీవారు చేసిరి. అందు సత్యము లేకపోలేదు. ఛాయాచిత్రకారుల కొరకు ఆ సెప్టెంబరులోనే ఫోటోషాపును లైట్‌రూమును కలిపి నెలకు 9.99 డాలర్లకే ఇచ్చు పథకమును వెలువరించిరి. కొంద రంతటితో శాంతించిరి. కాని కౌలు ధర నిర్ణయించునది భూస్వామియే యనుటకు, ఆ పథకము 2025 జనవరి నుండి క్రొత్త చందాదారులకు నిలుపబడుట నిదర్శనము.

ఇక మన తెలుగు సంగతి. సీసపు అక్షరముల కాలము గడచిన పిమ్మట బెజవాడ ముద్రాపకులు పేజ్‌మేకరు నాశ్రయించిరి. దానిని 1985లో ఆల్డస్ అను కంపెనీ వెలువరించినది; 1994లో అది అడోబీ వశమాయెను; 2001లో ఏడవ కూర్పు వచ్చి, 2004తో దాని యభివృద్ధియే నిలిచిపోయెను. దానికి తెలుగు రాదు. కావున అను వంటి ఫాంట్లు చేసినవారు ఇంగ్లీషు అక్షరముల పీటలపై మన తలకట్లను, గుడులను, వత్తులను కూర్చుండబెట్టిరి. తెరపై తెలుగు కనబడును. ఫైలులో నుండునవి మాత్రము ఇంగ్లీషు గుర్తులే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచిన, పద్యము కాస్త పిచ్చిగీతల వరుస యగును. అయినను ఆ పద్ధతిలోనే వేలకొలది తెలుగు పుస్తకములు కూర్పబడినవి. జనవరిలో జరుగు మన విజయవాడ పుస్తక మహోత్సవమునకు పోయి, రెండు దశాబ్దముల క్రిందటి పుస్తకము నేది తీసినను, దాని పుట్టుక బహుశః పేజ్‌మేకరు నందే.

ఇన్‌డిజైను ఆరవ కూర్పునందు, అనగా 2012లో, తెలుగుతో కూడ పది భారతీయ భాషల లిపులను సరిగా కూర్చు సదుపాయము కలిగెను. ఒత్తులు, గుణింతములు యూనికోడు పద్ధతిని తమ తావులలో తాము నిలిచినవి. ఇంతకాలము పీటలు అరువు తెచ్చుకొన్న మన యక్షరములకు సొంత పీట దొరికిన కూర్పు ఏదో, సొంతముగా కొనుక్కొన వీలైన కడపటి కూర్పును అదియే. మరుసటి యేటనే కౌలు వచ్చెను. అంతియే గాక, పేజ్‌మేకరు ఫైళ్లను తెరువగల ఇన్‌డిజైను కూర్పులలోను ఆ ఆరవదే చివరిది. తరువాతి చందా కూర్పులు వానిని తెరువవు. కాబట్టి 2003లో కూర్చిన పుస్తకమును నేడు పునర్ముద్రింప నెంచు ప్రకాశకునికి చందా కట్టినను పని జరుగదు. పాత కంప్యూటరు నొకదానిని దుమ్ము దులిపి సిద్ధముగా నుంచుకొనవలెను. కొందరు డీటీపీవారు పాత యంత్రములను మానలేదని నవ్వువారు కలరు. వారి మొండితనమునకు ఇట్టి హేతువున్నది.

ఇచ్చట నొక మాట దాచరాదు. ఈ పరికరములను వెల చెల్లించకయే దొంగ ప్రతులుగా వాడుకొన్నవారు మన దేశమున ననేకులు. కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రకారము, దొంగ ప్రతియని తెలిసి వాడుట నేరము. ఏడు దినములు మొదలు మూడేండ్ల వరకు కారాగారము విధింపవచ్చును. చందా పద్ధతికి కంపెనీలు మొగ్గుటలో ఈ దొంగతనమును అరికట్టు నుద్దేశమును కలదు. వెల చెల్లించినవాడును చెల్లించనివానితో పాటు నెలనెలా తనిఖీకి లోనగుట న్యాయమా యని అడుగువానికి మాత్రము మా యొద్ద జవాబు లేదు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 2014 మే మాసమున ఒక దినమునకు పైగా అడోబీ ఖాతాలలో ప్రవేశము నిలిచిపోయి, ప్రపంచమంతట చందాదారులు చిక్కుపడిరి. 2019 అక్టోబరులో అమెరికా ప్రభుత్వపు ఆంక్షల కారణమున వెనిజులా దేశీయుల ఖాతాలన్నియు మూసివేయుదుమని కంపెనీ తెలిపెను. మాసాంతమునకు ప్రభుత్వానుమతి దొరకుటచే ఆ నిర్ణయము మానుకొనిరి. సంవత్సరపు ఒడంబడికను నడుమ మానువారిపై వేయు రుసుమును సరిగా తెలుపలేదని ఆరోపించుచు 2024 జూనులో అమెరికా ప్రభుత్వము వ్యాజ్యము వేసెను. ఇన్ని జరిగినను కంపెనీ నష్టపోలేదు. 2012లో 440 కోట్ల డాలర్లున్న వార్షికాదాయము 2013లో 405 కోట్లకు తగ్గెను గాని, 2024 నాటికి 2,151 కోట్లాయెను. మొర పెట్టినవారిలో ననేకులు చందా కట్టిరి. కట్టనివారు వేరు త్రోవలు వెదకిరి. జింపు, ఇంక్‌స్కేపు, స్క్రైబసు అను నుచిత పరికరములు కలవు. 2024 జనవరిలో వెలువడిన స్క్రైబసు 1.6వ కూర్పు తెలుగు వంటి సంయుక్త లిపులను కూర్చును. సిలికానాంధ్రవారు వెలువరించిన తెలుగు ఫాంట్లును ఉచితములే. వానిలో నొకదానికి మన ప్రాంతపు వారైన మండలి వెంకట కృష్ణారావుగారి పేరు పెట్టబడినది.

పాత పేజ్‌మేకరు ఫైళ్లు ఇంట నున్న తలిదండ్రులు వానిని తెరువగల యంత్రము బ్రతికియుండగానే రెండు పనులు చేయింపవలెను. మొదట ప్రతి పుటను పీడీఎఫుగా మార్పించి భద్రపరచుట. పిదప అక్షరములను యూనికోడునకు మార్పించుట. మార్పిడి యంత్రము చేయును గాని, పొల్లులును క్రావడులును తరచు తప్పిపోవును. మార్చిన ప్రతిని పాత ముద్రణతో పోల్చి, ఒకరు చదువుచుండగా వేరొకరు దిద్దవలెను. పై తరగతుల పిల్లలు ఇరువురేసి కూర్చున్నచో గంటకు నాలుగైదు పుటలు సాగును.