ఎక్కడ పనిచేస్తోంది?

టెర్మినల్‌లో పనిచేసేవాళ్లకు ట్యాబ్ మీట ఒక వ్యసనం. ఫైలు పేరులో రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది మన కమాండులు అందుకునే షెల్లే పూర్తిచేస్తుంది. ఓ సాయంత్రం నాకది మొండికేసింది. జిప్ ఫైలు విప్పే అన్‌జిప్ కమాండు కొట్టి, ఫైలు పేరు మొదలుపెట్టి ట్యాబ్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫైలేమో కళ్లెదుటే ఉంది. పదిసార్లు నొక్కాను. (రాని లిఫ్టు కోసం బటన్ నొక్కుతూనే ఉండేవాళ్లను చూసి నవ్వుకునే మనిషిని నేను.) టెర్మినల్ మూసి తెరిచాను. మెషీన్ రీస్టార్ట్ చేశాను. నా షెల్ అయిన బ్యాష్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ముప్పావుగంట పోయింది, కొత్తగా తెలిసింది సున్నా.

పక్క సీట్లోని జూనియర్ అమ్మాయి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఎక్కడ పనిచేస్తోంది సార్?"

చిరాకేసింది. పనిచేయడం లేదనే కదా నా బాధ! అయినా అన్‌జిప్ తీసేసి, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కొట్టి అదే పేరుకు ట్యాబ్ నొక్కాను. ఠక్కున పూర్తయింది. అంటే మీటకు జబ్బు లేదు, ఫైలుకు లేదు, బ్యాష్‌లో మనం టైపు చేసేది చూసుకునే రీడ్‌లైన్‌కూ లేదు. ఒక్క ప్రయోగంతో ముగ్గురు ముద్దాయిలు విడుదల. తర్వాత ఆ అమ్మాయి బ్యాష్ --నోఆర్‌సి అని కొట్టి, నా సెట్టింగులేవీ చదవని షెల్ తెరిచింది. అక్కడ అన్‌జిప్‌కు కూడా ట్యాబ్ పనిచేసింది! ఇక మిగిలింది సెట్టింగులే. మామూలు షెల్‌కు తిరిగొచ్చి, కమాండుకున్న ట్యాబ్ ఏర్పాటును చూపే కంప్లీట్ -పి అన్‌జిప్ అంటే ఆచూకీ దొరికింది. బ్యాష్-కంప్లీషన్ ప్యాకేజీ ఆ కమాండుకు ఒక నియమం తగిలించింది: జిప్, జార్ లాంటి తోకలున్న ఫైళ్లనే చూపించు. నా ఫైలు పేరు డేటా.జిప్.1. ఉన్న ఫైలునే మళ్లీ దించితే డౌన్‌లోడ్ చేసే డబ్ల్యూగెట్ కమాండు పెట్టే పేరది. పాతదాన్ని నేనే చెరిపేశాను. చివర్లో ఆ ఒకటి ఉండేసరికి నియమం లెక్కలో అది జిప్ ఫైలే కాదు.

పాత ఫైలు ఉండి ఉంటే ఇంకా ప్రమాదం. ట్యాబ్ దాన్నే చక్కగా పూర్తిచేసేది, నేను పాత డేటా విప్పుకుని పని ముగించేవాణ్ని.

ఆ అమ్మాయి ప్రశ్న టెర్మినల్ బయటా పనికొస్తుంది. "మా వాడికి లెక్కలు రావు" అనే తండ్రిని ఏ లెక్క దాకా వస్తుందో అడగండి. భిన్నాల దాకా బాగా చేస్తున్నాడంటే ఎక్కణ్ణుంచి నేర్పాలో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలు కలిసిరావడం లేదా? ఏ రౌండు దాకా వెళ్తున్నారో రాసుకోండి. సరిచేసేటప్పుడు మాత్రం ఒకసారికి ఒక్కటే మార్చండి. ఆ రోజు నా రీస్టార్ట్, రీఇన్‌స్టాల్ గందరగోళంలో ట్యాబ్ పొరపాటున పనిచేసినా, దేనివల్ల చేసిందో నాకు తెలిసేది కాదు.

ఈసారి బ్యాష్‌లో ట్యాబ్ మొండికేస్తే ఆల్ట్, స్లాష్ కలిపి నొక్కి చూడండి. అప్పుడు బ్యాష్ కమాండుకున్న నియమాలను పక్కనపెట్టి, ఉత్త ఫైలు పేరును మాత్రమే పూర్తిచేస్తుంది.