రిమోట్ కారుకి మెటల్ పార్టులు: ఏవి కొనాలి, ఏవి దండగ

సెలవులొస్తే చాలు, మదనపల్లెలో మా వీధి పిల్లోళ్ళంతా రిమోట్ కార్లతో రోడ్డుమీదే ఉంటారు. టమోటా క్రేట్లకి పలక ఆనించి జంపులు చేయిస్తారు. ఇంక పుంగనూరులో మా చెల్లెలింట్లో, కుప్పంలో మా ఆడపడుచు ఇంట్లో కూడా ఇదే తంతు. ఏదో ఒకటి విరగ్గానే "అమ్మా, మెటల్‌ది తెప్పించు, ఇంక విరగదు" అని మొదలుపెడతారు. ఆన్‌లైన్‌లో అవి నీలం, ఎరుపు రంగుల్లో మెరుస్తా చవగ్గానే కనిపిస్తాయి, కానీ అన్నీ కొంటే లెక్క కారు ధర దాటిపోతుంది. నా లెక్క ఒక్కటే వదినా: తిరిగేచోట మెటల్, గుద్దుకునేచోట ప్లాస్టిక్. ఇవన్నీ మా ఇంట్లో చేసి చూసినవే.

1. ముందు కారు అడుగునో, అట్టపెట్టె మీదో మోడల్ నంబరు చూడండి. నంబరుంటే స్పేర్లు దొరుకుతాయి. నంబరే లేని తిరునాళ్ళ బొమ్మకి మెటల్ పార్టులు వెతకడం వృథా.

2. డబ్ల్యూఎల్‌టాయ్స్ వాళ్ళ 144001 సైజు 1:14, 124019 సైజు 1:12, అయినా చాలా సామాన్లు రెంటికీ ఒకటే. పక్కింట్లో ఇందులో ఒకటుంటే ఇద్దరూ కలిపి ఆర్డరు పెట్టండి, కొరియర్ ఖర్చు సగమైపోతుంది.

3. మొదటి వంద రూపాయలు బేరింగులకే పెట్టండి. చక్రం దగ్గర ప్లాస్టిక్ బుష్‌లుంటే తీసేసి బాల్ బేరింగులు వేస్తే కారు తేలిగ్గా పరిగెత్తుతుంది, అదే బ్యాటరీ ఇంకాసేపు వస్తుంది.

4. బేరింగు కొనేటప్పుడు లోపలి రంధ్రం, బయటి చుట్టు, మందం, ఈ మూడు కొలతలూ మిల్లీమీటర్లలో రాసుకెళ్ళండి, 5×11×4 అన్నట్టు. కారు పేరుతో అమ్మే సెట్టు కంటే మామూలు బేరింగుల షాపులో కొలతచెప్పి కొంటే చవక.

5. చక్రం బిగించే ఆరుపలకల బిళ్ళ చాలా కార్లలో 12 మి.మీ. ఉంటుంది, ప్లాస్టిక్‌దైతే అరిగి చక్రం ఊరికే తిరుగుతుంది. మెటల్‌ది వేయండి, కానీ మందం కూడా పాతదానితో కొలిచి చూసుకోండి, లేకపోతే చక్రం బాడీకి రాసుకుంటుంది.

6. మోటారు శక్తిని చక్రాలకి మోసే కడ్డీలు, డాగ్‌బోన్ అంటారు పిల్లోళ్ళు, స్టీలువి వేస్తే మళ్ళీ మళ్ళీ కొనే పనుండదు. మెలితిరిగే బలమంతా వాటిమీదే కాబట్టి ఇక్కడ పెట్టిన డబ్బు దండగ కాదు.

7. ముందు చక్రాల ఆర్ములు మాత్రం అల్యూమినియంవి కొనొద్దు, ఎంత మెరిసినా సరే. ప్లాస్టిక్ ఆర్ము గోడకి తగిలితే వంగి మళ్ళీ మామూలవుతుంది. అల్యూమినియంది తపేలా సొట్టపడినట్టే, ఒకసారి వంగితే అంతే, కారు ఒక పక్కకే లాగుతుంది. పైగా ఆర్ము గట్టిపడితే ఆ దెబ్బ ఆగదు, దాని వెనకున్న షాక్ టవరుకో, గేర్‌బాక్సుకో పోతుంది. చవకలో పోయే పార్టును కాపాడబోయి ఖరీదైనది పోగొట్టుకోవడం ఏం తెలివి?

8. ఆ ఆర్ములు ప్లాస్టిక్‌వే జతలుగా తెప్పించి పెట్టుకోండి. విరిగిన సాయంత్రమే మార్చేస్తే పిల్లోడు సెలవంతా ఏడవడు.

9. మోటారుకుండే చిన్న గేరు, పినియన్, స్టీలుది పెట్టండి; దాంతో తిరిగే పెద్ద స్పర్ గేరు ప్లాస్టిక్‌దే ఉంచండి. మధ్యలో రాయి ఇరుక్కుంటే చవకైన పెద్ద గేరు పళ్ళే పోతాయి, మోటారు బతుకుతుంది, ఇంట్లో గరగరా తక్కువ.

10. పినియన్ పళ్ళ సైజు పాతదానితో కలవాలి: 0.6 మాడ్యూల్‌కి 0.6, 48 పిచ్‌కి 48 పిచ్. రంధ్రం కూడా చూడండి, 540 సైజు మోటారు ఇరుసు 3.17 మి.మీ. ఉంటుంది.

11. గేర్ల మధ్య సందు కొలవడానికి పనిముట్లేం వద్దు, ఆర్టీసీ టికెట్టు చాలు. టికెట్టు రెండు గేర్ల మధ్య పెట్టి దగ్గరికి నొక్కి మోటారు స్క్రూలు బిగించండి, తర్వాత చేత్తో చక్రం తిప్పి దాన్ని బయటికి లాగేయండి. చిరక్కుండా పళ్ళ అచ్చులతో వస్తే సరిపోయినట్టు. చిరిగితే మరీ బిగుతు, అచ్చే పడకపోతే వదులు.

12. "స్టీలు గేరు" అని వస్తే ఫ్రిజ్‌ మీది అయస్కాంతం ఆనించి చూడండి. అసలు అంటుకోకపోతే అది జింకు పోత అయ్యుండొచ్చు, పళ్ళు పుటుక్కుమంటాయి. వాపసు పంపడమే మేలు.

13. చవక పార్టులకి అంచుల్లో గరుకు ఉంటుంది, అలాగే బిగిస్తే పక్క ప్లాస్టిక్‌ను కొరికేస్తుంది. ఎమ్రీ పేపరుతో రుద్ది, పాత టూత్‌బ్రష్‌తో పొడి దులిపేశాకే వేయండి.

14. మెటల్‌లోకి మెటల్ స్క్రూ వేస్తే కుదుపుకి వదులైపోతుంది, నీలం రంగు థ్రెడ్‌లాకర్ అగరుబత్తి పుల్లతో ఒక్క చుక్క పెట్టండి. ఎర్రది వద్దు, అది వేడి చేస్తేగానీ ఊడదు. ప్లాస్టిక్‌కి ఏదీ తాకనీయొద్దు, పగుళ్ళిస్తుంది.

15. ప్లాస్టిక్‌లోకి స్క్రూ తిరిగి వేసేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి, 'టక్' మని దిగినచోట నుంచి బిగించండి. పాత మరలోనే పడుతుంది, రంధ్రం లూజు కాదు.

16. పార్టులతో పాటు ఊరికే ఇచ్చే అలెన్ కీలు పారేయండి, అవి స్క్రూ తలల్ని గుండ్రంగా చేసేస్తాయి. 1.5, 2, 2.5 మి.మీ. మంచివి ఒకసారి కొంటే ఏళ్ళు వస్తాయి.

17. తల పాడైన స్క్రూ రాకపోతే రబ్బరు బ్యాండు ముక్క మధ్యలో పెట్టి కీ నొక్కి తిప్పండి. చాలాసార్లు వచ్చేస్తుంది, మెకానిక్ కూలి మిగులుతుంది.

18. విప్పేటప్పుడు స్క్రూలు ఇడ్లీ ప్లేటు గుంతల్లో వరసగా పెట్టండి, ఒక్కో గుంతకి ఒక్కో చోటివి. ఫోనులో ఫొటో కూడా తీసుకుంటే బిగించేటప్పుడు తగువులుండవు.

19. మెటల్ ఎక్కువైతే కారు బరువెక్కి మోటారు వేడెక్కుతుంది. మనది చల్లని ఊరేగా అనుకోవద్దు: పది నిమిషాలు నడిపాక మోటారు మీద వేలు నిలవకపోతే ఆపి చల్లారనివ్వండి.

20. మోటారు బిగించే మౌంటు మాత్రం అల్యూమినియందైతే నయం, ప్లాస్టిక్‌ది వేడికి మెత్తబడి గేర్ల సందు మారిపోతుంది. హీట్‌సింకు కూడా వేస్తే మోటారు ఇంకొన్నాళ్ళు ఎక్కువ వస్తుంది.

21. స్టీరింగు సర్వో మార్చే ముందు దాని తీగలు లెక్కపెట్టండి. మూడుంటే ఎంజీ 996 ఆర్ లాంటి మెటల్ గేర్లది సైజు చూసి వేయొచ్చు; అయిదుంటే బయటి మామూలు సర్వో పనిచేయదు, డబ్బు పెట్టొద్దు.

22. సర్వో దగ్గరుండే స్ప్రింగు ముక్క, సర్వో సేవర్, తీసేసి గట్టి మెటల్ చెయ్యి వేయమని పిల్లోళ్ళు అడుగుతారు. ఒప్పుకోవద్దు, చక్రానికి తగిలే దెబ్బను మింగేది అదే.

23. బేరింగుల్లో కొబ్బరినూనె వేయకండి, డిసెంబరు చలికి మదనపల్లెలో సీసాలోనే గడ్డకడుతుంది కదా. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క చాలు.

24. కుప్పంలో గ్రానైట్ పొడి ఉన్న దోవల్లో నడిపితే ఇంటికి రాగానే పెయింటు బ్రష్‌తో దులపండి. ఆ పొడి గేర్లలో పడితే స్టీలైనా అరిగిపోతుంది.

25. చక్రానికి లోపల నైలాన్ ఉన్న నట్టే వాడండి, చేత్తో సులువుగా తిరిగిపోతుంటే మార్చేయండి. నట్టు పోయిందంటే చక్రం కాలవలో వెతుక్కోవాల్సిందే.

26. కుప్పం వాళ్ళకి చెన్నై–బెంగళూరు రైలు దోవలోనే ఉంది కాబట్టి బెంగళూరు ఎస్.పి. రోడ్డులో స్క్రూలు, తీగలు, కనెక్టర్లు చూసుకుని కొనుక్కోవచ్చు. వేరే పనిమీద వెళ్ళినప్పుడే కొనండి, దీనికోసమే వెళితే మిగిలేదేం లేదు.

27. 2020 నవంబరులో మన దేశంలో అలీఎక్స్‌ప్రెస్ ఆపేశారు కాబట్టి ఇక్కడి ఆన్‌లైన్ షాపుల్లోనే వెతకాలి. కారు పేరు కాకుండా పార్టు నంబరు కొట్టి వెతకండి, అదే ముక్క వేరే షాపులో తక్కువకి కనిపిస్తుంది.

28. పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీయండి, పాత పార్టు పక్కన పెట్టి రంధ్రాలు సరిపోతున్నాయో చూడకుండా కవరు చించి పారేయొద్దు. తప్పు పార్టు వస్తే ఆ వీడియో చూపించి డబ్బు వాపసు అడగొచ్చు.