నాసికామార్గాన గర్భనిరోధం

గర్భనిరోధమనగానే మనకు మాత్ర, లూపు, శస్త్రచికిత్స స్ఫురిస్తాయి. ముక్కులో కొట్టుకునే తుంపర మందుతో కూడ ఆ పని సాధించవచ్చునని 1970 దశకంలో శాస్త్రజ్ఞులు గట్టిగా ఆశించారు. వినుటకు వింతయే గాని, దీని వెనుక చక్కని శారీరక ధర్మమున్నది.

మెదడు అడుగుభాగాన హైపోథలామస్ అనే చిన్న ప్రదేశం కలదు. అందులో పుట్టే ఒక హార్మోను పిట్యూటరీ గ్రంథిని, ఆ గ్రంథి అండాశయాన్ని ప్రేరేపించగా అండం విడుదలవుతుంది. 10 అమైనో ఆమ్లాల గొలుసైన ఈ హార్మోను నిర్మాణం 1971లో వెల్లడైనది. ఈ రంగంలో కృషికి ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్‌లకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. దీనిని మింగితే జీర్ణమై వ్యర్థమవుతుంది. నాసికలోని పలుచని పొర వెంట రక్తనాళాలు దట్టంగా ఉండుటచేత మందు నేరుగా రక్తంలో చేరుతుంది.

ప్రేరేపించే హార్మోను నిరోధకమెట్లా కాగలదు? సహజంగా అది గంట, గంటన్నరకొకసారి విడతలుగా స్రవిస్తుంది. ఎడతెగక అందితే పిట్యూటరీ స్పందించడం మానుతుంది. అప్పుడప్పుడు తలుపు తడితే ఇంటివారు పలుకుతారు. అదేపనిగా బాదితే ఎవరు చెవిని పెడతారు? ఎర్నెస్ట్ నోబిల్ బృందం 1978లో కోతులపై దీనిని నిరూపించింది. మరుసటి సంవత్సరమే స్వీడన్‌లోని ఉప్సాలాలో 27 మంది స్త్రీలు బుసెరెలిన్ అనే కృత్రిమ రూపాన్ని ప్రతిదినం ముక్కుద్వారా తీసుకొనగా, దాదాపు అన్ని నెలలలోను అండోత్సర్గం ఆగిపోయినది.

మన దేశంలో డాక్టర్ టి. సి. ఆనంద్ కుమార్ మరొక త్రోవ తొక్కారు. ఆయన ప్రొజెస్టిరోన్ వంటి స్టెరాయిడ్ హార్మోనులనే కోతుల ముక్కులో తుంపరగా వాడి పరిశోధించారు. గర్భనిరోధానికి పాటుపడిన ఈయనే, డాక్టర్ ఇందిరా హిందూజాతో కలిసి 1986లో బొంబాయిలో పరీక్షనాళిక శిశువు జననానికి కారకులగుట విశేషం.

ఇంత జరిగినా ఈ మందు గర్భనిరోధకంగా స్త్రీల చేతికి రాలేదు. ఈస్ట్రోజన్ మరీ తగ్గితే ఎముకలు పలుచబడతాయి. కొంతే తగ్గి, ప్రొజెస్టిరోన్ తోడు లేకపోతే గర్భాశయపు లోపొర మితిమీరి పెరగవచ్చును. ఋతుక్రమం తప్పుట సరేసరి. రోగి బాధ తీరుటకై సహించే దుష్ఫలితాన్ని, ఏళ్ల తరబడి మందు వాడవలసిన ఆరోగ్యవతి ఎందుకు సహించాలి? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞుల వద్ద తృప్తికరమైన సమాధానం లేకపోయింది.

ఈ కుటుంబానికే చెందిన నఫారెలిన్ తుంపరకు 1990లో అమెరికా అనుమతి లభించింది. అయితే అది ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధికి, అదియును సాధారణంగా 6 నెలల గడువుకే.