కంప్యూటర్ మూగబోతే మధ్యలోంచి వెతకండి

శనివారం పొద్దున 5:50కి హాస్టల్లో నా ఫోన్ మోగింది. అమ్మ.

"ఒరే నాన్నా, కంప్యూటర్లో సౌండ్ రావట్లేదు రా. ఆరున్నరకి పిల్లలు కూర్చుంటారు."

తెనాలిలో మా ఇంటి నుంచి అమ్మ డల్లాస్‌లో ఉండే ఇద్దరు పిల్లలకి సంగీతం నేర్పుతుంది. మనకి శనివారం పొద్దున అంటే వాళ్ళకి శుక్రవారం రాత్రి. నా మెస్ బిల్లు ఆ ఫీజులోంచే వస్తుంది. చేతిలో నలభై నిమిషాలు ఉన్నాయి.

నాకు వెంటనే సంక్రాంతి సెలవులు గుర్తొచ్చాయి. అప్పుడూ ఇంతే, సౌండ్ రాలేదు. కంప్యూటర్ సైన్స్ చదువుతున్నా కదా అని రంగంలోకి దిగాను. డ్రైవర్ తీసేశా, మళ్ళీ వేశా, చివరికి విండోస్ మొత్తం ఫార్మాట్ చేసేశా. అమ్మ పాడి డెస్క్‌టాప్ మీద దాచుకున్న పాఠాల రికార్డింగులన్నీ పోయాయి. సౌండ్ మాత్రం రాలేదు. తీరా చూస్తే, చెల్లి చదువుకుంటూ స్పీకర్ వెనకాల ఉన్న వాల్యూమ్ నాబ్‌ని సున్నాకి తిప్పేసి మర్చిపోయింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పాఠాలన్నీ కూర్చుని మళ్ళీ పాడుకుంది.

మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

సౌండ్ వచ్చే దారి

పాట ఒక ప్రోగ్రాంలో బయల్దేరుతుంది. అక్కడ అది ఉత్త అంకెలే. సీడీ నాణ్యత అయితే ఒక్కో చానెల్‌కి సెకనుకి 44,100 అంకెలు. మన చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది కాబట్టి, దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ తీసుకున్నారు. అన్ని ప్రోగ్రాంల అంకెల్నీ విండోస్ ఒకచోట కలుపుతుంది. డ్రైవర్ వాటిని సౌండ్ చిప్‌కి అందిస్తుంది. చిప్ ఆ అంకెల్ని కరెంటుగా మారుస్తుంది. ఆ తర్వాత వైరు, స్పీకర్, మన చెవి.

ఈ దారిలో ఎక్కడ తెగినా మనకి తెలిసేది ఒక్కటే: ఏమీ వినపడదు. అందుకే ఊహించి లాభం లేదు. ఫస్టియర్‌లో బైనరీ సెర్చ్ చదివాం కదా, ఇక్కడా అదే పని. మధ్యలో చూడాలి, ఏ సగంలో తప్పుందో తేల్చుకోవాలి.

ముందు బయట చూడండి

స్పీకర్ లైటు వెలుగుతోందా? నాబ్ ఎక్కడుంది? వైరు ఏ కన్నంలో ఉంది? డబ్బా వెనక మామూలుగా పచ్చ, గులాబీ, నీలం రంగుల్లో మూడుంటాయి. స్పీకర్‌కి పచ్చ, మైక్‌కి గులాబీ. అమ్మ టార్చి వేసి చూసి, "పచ్చదాంట్లోనే ఉంది, లైటు కూడా ఉంది" అంది. సంక్రాంతి పాఠం ఆవిడకీ గుర్తుంది, నాబ్ అప్పటికే చూసేసింది.

ఇప్పుడు మధ్యలో చూడండి

ఏదైనా పాట పెట్టి ఆగకుండా మోగనివ్వండి. విండోస్ మీటా, ఆర్ మీటా కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో టైప్ చేయాల్సింది అమ్మకి ఒక్కో అక్షరం చెప్పాను: ఎం, ఎం, ఎస్, వై, ఎస్, చుక్క, సి, పి, ఎల్. పాత సౌండ్ ప్యానెల్ తెరుచుకుంటుంది. ప్లేబ్యాక్ అనే చోట పరికరాల జాబితా, ఒక్కోదాని పక్కన నిలువుగా చిన్న గీతలు ఉంటాయి. సౌండ్ ఎటు వెళ్తుంటే అక్కడి గీతలు పచ్చగా ఎగురుతాయి.

"ఎగురుతున్నాయి రా! కానీ స్పీకర్స్ అన్నచోట కాదు, ఇంకేదో పేరు దగ్గర."

అది మానిటర్ పేరు. ముందురోజు నాన్న పాత మానిటర్ తీసి సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి పెట్టారట. పాతదానికి వీజీఏ వైరు, అందులో బొమ్మ ఒక్కటే వెళ్తుంది. కొత్తదానికి హెచ్‌డీఎంఐ, అందులో సౌండ్ కూడా వెళ్తుంది. విండోస్ సౌండ్‌ని అటు మళ్ళించేసింది. ఆ మానిటర్లో స్పీకర్లే లేవు.

"స్పీకర్స్ మీద నొక్కి, కింద సెట్ డిఫాల్ట్ నొక్కమ్మా."

"డిఫాల్ట్ అంటే?"

నాకు తెలుగు మాట తట్టలేదు. తడుముకుంటుంటే అమ్మే అంది: "మనం ఏమీ చెప్పకపోతే ఎటు పోతుందో అదా?"

అదే. అంతకన్నా బాగా నేను చెప్పలేను. అది నొక్కగానే పాట మోగింది. టైం 6:12.

గీతలు అసలు ఎగరకపోతే?

అప్పుడు తప్పు మొదటి సగంలో ఉన్నట్టు. బ్రౌజర్లో ఆ ట్యాబ్ మ్యూట్‌లో ఉందేమో, తర్వాత వాల్యూమ్ మిక్సర్లో ఆ ప్రోగ్రాం ఒక్కటే సున్నాలో ఉందేమో చూడండి. ఇంకో ప్రోగ్రాంలో పాట పెట్టి చూడండి. ఏదీ మోగకపోతే సర్వీసెస్‌లో విండోస్ ఆడియోని రీస్టార్ట్ చేయండి. డ్రైవర్ జోలికి వెళ్ళడం దీని తర్వాతే.

గీతలు స్పీకర్స్ దగ్గరే ఎగురుతున్నా వినపడకపోతే, అదే పచ్చ కన్నంలో ఇయర్‌ఫోన్స్ పెట్టండి. అందులో వినపడితే స్పీకరో దాని వైరో పోయినట్టు.

ఉబుంటు వాడేవాళ్ళు టెర్మినల్లో ఆల్సామిక్సర్ తెరవండి. ఏ గడి కిందైనా రెండు ఎంలు కనిపిస్తే అది మ్యూట్‌లో ఉంది. దాని మీదకి వెళ్ళి ఎం నొక్కితే చాలు.

ఇంకో చిన్న తంటా

6:25కి అమ్మ మళ్ళీ చేసింది. వీడియో కాల్ మొదలవగానే కంప్యూటర్లో పెట్టుకున్న తంబురా శ్రుతి బాగా తగ్గిపోతోందట. ఇది పాడవడం కాదు. కాల్ వచ్చిందనుకుంటే మిగతా శబ్దాల్ని 80 శాతం తగ్గించే ఏర్పాటు విండోస్‌లోనే ఉంది. అదే ప్యానెల్లో కమ్యూనికేషన్స్ అనే చోట "డూ నథింగ్" పెట్టించాను.

చివరగా రెండు మాటలు. ఒకసారి ఒక్కటే మార్చండి, పని చేయకపోతే దాన్ని మళ్ళీ ఎలా ఉందో అలా పెట్టాకే ఇంకోటి ముట్టుకోండి. ఫార్మాట్ అన్న మాట నోట్లోకి వచ్చిందా, ముందు ఇంట్లోవాళ్ళ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. నేను ఆ రెండూ చేయలేదు.

7:35కి అమ్మ మెసేజ్: "క్లాసు అయింది. పడుకో నాన్నా."